ఎగరవద్దు అనగల ధైర్యం

ముషీరాబాదులో ఒకనాడు కారాగారం ఉన్న స్థలంలో నేడు గాంధీ ఆసుపత్రి నిలిచి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనో, తార్నాక కూడలిలోనో ఎవరికైనా ఆపద వాటిల్లితే అక్కడికి చేర్చడానికి 108 వాహనం కలదు. 2005 ఆగస్టు 15న ఆ సేవ ఆరంభమైనది. కాని రోడ్డు లేని అడవిలో, వరదలో చిక్కిన పల్లెలో, కొండకొమ్మున ఉన్న రోగి గతి ఏమిటి? అట్టివారికై హెలికాప్టరును అంబులెన్సుగా వాడుట ఎంతో మేలైన యోచన. అయితే ప్రాణం నిలుపబోయిన వాహనమే ప్రాణాలు తీసిన ఉదంతాలు లోకంలో తక్కువ కావు.

ఈ విషయమై అమెరికా రవాణా భద్రతా మండలి 2006లో ఒక ప్రత్యేక నివేదిక వెలువరించినది. 2002 జనవరి మొదలు 2005 జనవరి వరకు వైద్యసేవలో ఉన్న విమానాలకు, హెలికాప్టర్లకు కలిపి 55 ప్రమాదాలు జరిగినవి. 54 మంది మరణించిరి. అందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆ 55లో 35 ప్రమాదాల వేళ వాహనంలో వైద్య సిబ్బంది మాత్రమే ఉన్నారు, రోగి లేడు. రోగిని ఎక్కించుకొన్నపుడు కఠినంగా ఉన్న నియమాలు, రోగికోసం పోవునపుడు, దింపి మరలునపుడు సడలిపోయేవి. వాతావరణ నియమం రోగి ఉన్నాడా లేడా అని చూచును గాని, మబ్బు చూడదు గదా!

యంత్రలోపం కంటె ఎక్కువగా భయపడవలసినది చీకటికి, మంచుకు, మేఘానికి. మన చెవిలోపల ద్రవంతో నిండిన సన్నని నాళికలు శరీరపు తూకాన్ని తెలుపుతుంటవి. నేల, దిగంతరేఖ కంటికి కనబడినంతసేపు వాటి పొరపాటును చూపు దిద్దుతుంది. మేఘంలో దూరిన మరుక్షణం ఆ దిద్దుబాటు పోతుంది. వాహనం ఒరిగిపోతున్నా పైలటుకు తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. అప్పుడు తన శరీరం చెప్పేదానిని కాక, ఎదుటి పరికరాలు చెప్పేదానిని నమ్మవలెను. అందుకు ప్రత్యేక శిక్షణ కావలెను.

తెలుగునాట ఈ పాఠం కడు ఖరీదైనది. 2002 మార్చి 3న లోక్‌సభాధ్యక్షులు జి.ఎం.సి. బాలయోగి నాటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపాన హెలికాప్టరు ప్రమాదంలో అసువులు బాసిరి. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు నల్లమలలో మరణించిరి. నూనె పీడనం గురించిన ఒక సమస్యకు పరిష్కారం వెదకుటలో సిబ్బంది కొన్ని నిమిషాలు నిమగ్నులై ఉండగా, ప్రతికూల వాతావరణంలో వాహనం బలమైన అధోవాయువుకు లోబడి అదుపు తప్పినదని విచారణ సంఘం తేల్చినది. ఇవి అంబులెన్సులు కావు. కాని రోగి వాహనానికి వేరొక ఆకాశం ఉండదు.

ఇందుకు నివారణ లేకపోలేదు. 2014లో అమెరికా విమానయాన శాఖ కొత్త నియమాలు విధించినది. ఎదుట కొండ ఉన్నదని హెచ్చరించే పరికరం, నేలకు గల ఎత్తును తెలిపే రేడియో సాధనం, పరికరాల ఆధారంతో నడపగల అర్హత, బయలుదేరకముందే అపాయాన్ని అంచనా వేయుట ఇందులో చేరినవి. వైద్య సిబ్బంది ఎక్కినచో రోగి లేకున్నను కఠిన నియమాలే వర్తించును.

అన్నిటికంటె సున్నితమైన జాగ్రత్త మరొకటి కలదు. రోగి పసిబిడ్డా, ముదుసలా, ఎంతటి విషమస్థితిలో ఉన్నాడు అన్న సంగతిని అనేక సేవాసంస్థలలో పైలటుకు తెలియనీయరు. తెలిసినచో జాలి కన్నును కప్పును. మేఘం పలుచగా కనిపించును. సిబ్బందిలో ఏ ఒక్కరు వద్దన్నా ప్రయాణం ఆగిపోవుట కూడా అచ్చటి ఆచారమే. ఇది చూచువారికి కాఠిన్యమనిపించవచ్చును. కాని ఒక రోగికై బయలుదేరి నలుగురు నేల కూలితే, ఆ రోగికీ సాయం అందదు, మరునాటి రోగికీ అందదు.

మన దేశంలో ఋషీకేశ్ ఎయిమ్స్ నుండి 2024 అక్టోబరు 29న హెలికాప్టరు వైద్యసేవ ఆరంభమైనది. దాని పేరు సంజీవని. 2025 మే 17న అది కేదారనాథ్‌లో దిగుచు తోకభాగం దెబ్బతిని కూలబడినది. అందులోనివారు అదృష్టవశాత్తు క్షేమంగా బయటపడిరి. అదియును రోగిని తెచ్చుటకై పోయిన ప్రయాణమే.

ఆంజనేయుడు సంజీవనికై ఎగిరిన నాడు మబ్బులు అడ్డు రాలేదు. మానవుడు చేసిన యంత్రానికి వచ్చును. ఈ సేవ మన కొండలకు, అడవులకు విస్తరించవలసినదే. దానితోపాటు "ఈ పూట ఎగరవద్దు" అన్న పైలటును పిరికివాడని నిందించని లోకమూ ఏర్పడవలెను. ఆ మాట అనగలుగుట ధైర్యమేనని మన పాఠశాలలు పిల్లలకు నేర్పవలెను.