₹1240 బిల్లు ₹124 అయింది! విండోస్ స్కేలింగ్‌తో నా తిప్పలు

మా బాబాయి కిరాణా షాపు కోసం సీషార్ప్ విన్‌ఫామ్స్‌లో చిన్న బిల్లింగ్ యాప్ రాశాను. నా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో సూపర్‌గా ఉంది. బాబాయి కొత్తగా కొన్న 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో వేసిన గంటకే ఫోన్: "ఒరేయ్, అక్షరాలన్నీ మసగ్గా ఉన్నాయి. ప్రింట్ బటన్ ఏదిరా?"

విచిత్రం ఏంటంటే, ఆ ల్యాప్‌టాప్ రిజల్యూషన్ 1920×1200. నా మానిటర్ కంటే ఎక్కువే!

పిక్సెల్స్ ఎక్కువ, చోటు తక్కువ

చిన్న స్క్రీన్‌లో అక్షరాలు చదవగలిగేలా ఆ ల్యాప్‌టాప్‌లో స్కేల్ 150%లో ఉంది. విండోస్‌లో 100% అంటే 96 డీపీఐ, 150% అంటే 144. నా యాప్‌కి డీపీఐ సంగతే తెలియదు కాబట్టి విండోస్ దానికి "నీ స్క్రీన్ 1280×800" అని చెప్పి, గీసిన బొమ్మను సాగదీసి చూపిస్తుంది. అందుకే ఆ మసక. పైగా విండోస్ 11 టాస్క్‌బార్‌కి 48 పోతే ఎత్తులో మిగిలేది 752. నా విండో ఎత్తు 780. కింద ఉన్న ప్రింట్ బటన్ టాస్క్‌బార్ వెనక్కి వెళ్లిపోయింది.

షార్ట్‌కట్ కొంప ముంచింది

ఫోన్‌లోనే ఒక చిట్కా చెప్పాను. ఈఎక్స్ఈ ఫైల్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగ్స్, అక్కడ ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి 'అప్లికేషన్' ఎంచుకోమన్నాను. అక్షరాలు షార్ప్‌గా వచ్చాయి, బటన్ కూడా దొరికింది. హమ్మయ్య అనుకున్నా.

మర్నాడు మళ్లీ ఫోన్: "ప్రింట్‌లో 1240, స్క్రీన్‌లో 124. ఏది నమ్మాలిరా?"

తప్పు నాదే. డిజైన్ చేసేటప్పుడు కంట్రోల్స్ కదులుతున్నాయని విసుగొచ్చి ఆటోస్కేల్‌మోడ్‌ని 'నన్'లో పెట్టాను. ఇప్పుడు 20 పాయింట్ల ఫాంట్ 27 పిక్సెల్స్ నుంచి 40కి పెరిగింది. టోటల్ చూపించే లేబుల్ మాత్రం 95 పిక్సెల్స్ వెడల్పులోనే ఉండిపోయింది. చివరి సున్నా కనబడకుండా పోయింది. బాబాయి ప్రింట్ చూడకపోతే ఆ ఒక్క బిల్లులోనే ₹1116 నష్టం!

ఏం మార్చాను?

1. ఆటోస్కేల్‌మోడ్‌ని 'డీపీఐ'కి మార్చాను.
2. టోటల్ లేబుల్‌కి ఆటోసైజ్ ఆన్ చేశాను. అంకెలున్న ఏ లేబుల్‌కీ ఫిక్స్‌డ్ వెడల్పు ఇవ్వొద్దు.
3. కంట్రోల్స్‌ని టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్‌లో పెట్టాను. ప్రింట్ బటన్‌ని కింది అంచుకి డాక్ చేశాను. విండో ఎత్తు తగ్గించి, ఐటమ్స్ లిస్ట్‌కి స్క్రోల్ ఇచ్చాను.
4. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7 నుంచి కాన్ఫిగ్ ఫైల్‌లోనే 'పర్ మానిటర్ వీ2' పెట్టుకోవచ్చు. మానిఫెస్ట్‌లో విండోస్ 10 సపోర్ట్ కూడా రాయాలి, లేకపోతే పనిచేయదు.

చివరిది ఎందుకంటే, 'సిస్టమ్ అవేర్' యాప్ ఒక స్క్రీన్‌లో బాగున్నా, వేరే స్కేల్ ఉన్న రెండో మానిటర్‌కి లాగితే మళ్లీ మసకబారుతుంది. వీ2 సదుపాయం 2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చింది.

యాప్ ఎవరికైనా ఇచ్చే ముందు మీ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 100, 125, 150, 175కి మార్చి ఒక్కోసారి తెరిచి చూడండి. పది నిమిషాల పని. మసకగా ఉన్న అక్షరాన్ని ఎవరైనా గుర్తుపడతారు. కానీ ₹124 చూడ్డానికి మామూలు బిల్లులాగే ఉంటుంది.