మొదటి కొండ ఎంత ఎత్తుండాలి?

బరువు తగ్గించే వారానికో సూది మందులు 2025లో మన మెడికల్ షాపులకొచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఆకలి మందగిస్తుంది, ప్యాంటు వదులవుతుంది, ఇన్నాళ్లూ లిఫ్టు కోసం నిలబడ్డ మనిషికి కొండెక్కాలన్న హుషారు పుడుతుంది. మంచిదే. ఏ కొండ అన్నదే ప్రశ్న.

హైదరాబాద్ వాళ్లకు ముందు గుర్తొచ్చేది భువనగిరి కోట. ఊరికి దగ్గర, ఫొటోలు బాగా వస్తాయి. కానీ అది ఏకశిల. నీడ తక్కువ, పొద్దెక్కితే బండ సెగలు కక్కుతుంది. పైగా అసలు పరీక్ష దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే నిలబడి తీర్చుకోవచ్చు. దిగేటప్పుడు ఒంటి బరువంతా ముందుకు తోస్తుంటే తొడ కండరాలు సాగుతూనే బ్రేకు వేయాలి. అలవాటు లేని తొడలు సగం దారిలోనే వణకడం మొదలెడతాయి. మర్నాడు కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాల్సిందే.

ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. మోకాళ్ల అరుగుదల ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం అది. అయితే తగ్గే బరువులో కొవ్వే కాదు, కొంత కండ కూడా పోతుంది. కాళ్లు తేలికైనంత మాత్రాన గట్టిపడినట్టు కాదు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు కిలోమీటర్లు చూసి దారి ఎంచుకోవడం. తిరుమల సంగతే తీసుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. రెండోది రెండు కిలోమీటర్ల పైచిలుకే కదా అనిపిస్తుంది. కానీ అంత తక్కువ దూరంలో కొండంతా ఎక్కేయాలి. అలిపిరి దారి చాలా పొడవు. గాలిగోపురం దాటాక చాలాసేపు చదునుగా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిట్టనిలువుగా లేస్తుంది. పేరులోనే ఉంది దాని సంగతి.

ఇంకోటి. మొక్కుకుని బయల్దేరిన మనిషి మధ్యలో వెనక్కి తిరగడు, ఒళ్లు తిరగమన్నా సరే. అందుకే మొదటి కొండ మొక్కు కొండ కాకూడదంటాను. స్వామి ఎక్కడికీ పోడు.

ఎక్కడ కావాలంటే అక్కడ వెనుదిరగగలిగే దారే మొదట కావాలి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ కొన్ని వారాలు నడిచాక, వికారాబాద్ అనంతగిరికి వెళ్లొచ్చు. అక్కడ మట్టి దారి, చెట్ల నీడ. విశాఖ వాళ్లకు కంబాలకొండ అడవి ఉంది. కైలాసగిరి అయితే మెట్ల మీదుగా ఎక్కి, రోప్‌వేలో దిగి మోకాళ్లను కాపాడుకోవచ్చు. అది నామోషీ ఏం కాదు. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతకు మించి వేగం అనవసరం.

ఇక సూది లెక్క. వికారం చాలామందికి సూది వేసుకున్నాక ఒకటి రెండు రోజులు, డోసు పెంచిన వారాల్లో మరికాస్త ఎక్కువ. ఆ రోజుల్లో కొండ వద్దు. ఈ మందులతో పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి దారిలో పూరీ, బజ్జీ లాగించి ఎక్కితే అవస్థే. ఓ ఇడ్లీ, అరటిపండు, కాసిన్ని ఉడికించిన పల్లీలు చాలు. కొందరికి దాహమూ తెలియదు. అందుకని దాహం కోసం చూడకుండా గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ జేబులో ఉండాలి.

షుగర్ ఉండి, ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడుతున్నవాళ్లు పరగడుపున నడక పెట్టుకోకూడదు. వాటికి ఈ సూది, పైన కొండ తోడైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. వెళ్లే ముందు డోసుల గురించి డాక్టరును అడగాలి, గ్లూకోజ్ పొడి వెంట ఉంచుకోవాలి, వణుకు, చెమటలు కనిపిస్తే ఏం చేయాలో తోడొచ్చినవాళ్లకు ముందే చెప్పాలి. ఛాతీ బరువుగా అనిపించినా, పైకడుపు నొప్పి వీపులోకి పొడుచుకొస్తూ వాంతులవుతున్నా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. వెంటనే నడక ఆపి, ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.