మీకు తెలుసా? జింక కంటికి విల్లు ఏ రంగు?

అమెరికాలో చాలా రాష్ట్రాలు తుపాకుల వేటకు ముందే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విల్లంబుల వేటకు తలుపులు తెరుస్తాయి. తెల్లతోక జింక కోసం తెల్లవారుజామునే చెట్టెక్కి కూర్చునేవాళ్లలో కొందరు ఇప్పటికీ కప్పీలూ, గురిచూసే అద్దాలూ లేని పాతకాలపు కొయ్య విల్లునే పట్టుకెళ్తారు. వాళ్లలో తరాలుగా తెగని తగువు ఒకటుంది. విల్లు రంగు చూసి జింక బెదురుతుందా? ఎర్రచెక్కతో ముచ్చటగా చేయించుకున్న విల్లు అడవికి పనికొస్తుందా, గోడకు తగిలించుకోవడానికేనా? తీర్పు చెప్పేముందు ఒకసారి జింక కంట్లోకి తొంగిచూడాలి.

మన కంట్లో రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు. జింక కంట్లో రెండే. 1992లో జార్జియా విశ్వవిద్యాలయంలో కొందరు శాస్త్రజ్ఞులు తెల్లతోక జింకలకు మత్తిచ్చి, వాటి కళ్లలోకి రకరకాల రంగుల వెలుతురు పంపి, రెటీనాలో పుట్టే విద్యుత్ సంకేతాలను కొలిచారు. ఫలితాలు 1994లో అచ్చయ్యాయి. ఒక రకం కోన్ కణాలు 450 నుంచి 460 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం వెలుగుకు, బాగా స్పందిస్తాయి. రెండో రకం 537 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చకు. మనకున్న మూడో రకం, ఎరుపును పచ్చ నుంచి విడదీసి చూపించేది, జింకకు లేనే లేదు. మనుషుల్లో ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ఉంటారు కదా, జింక చూపు ఇంచుమించు అలాంటిది. పడౌక్, బుబింగా లాంటి ఎర్రని కలపతో చేసిన పిడి మన కంటికి నిప్పుకణికలా ఉన్నా, జింక కంటికి చెట్టు బెరడులో కలిసిపోయే మసక ముక్కే.

కాబట్టి ఎరుపా, పచ్చా, గోధుమరంగా అన్న తగువు జింక వైపు నుంచి ఎప్పుడో తేలిపోయింది. కొట్టుకుంటున్నది మనుషులే.

పాత ఫొటోల్లో 1950ల నాటి వేటగాళ్లు ఎరుపు, నలుపు గళ్ల ఉన్ని చొక్కాలు తొడుక్కుని, చచ్చిన జింక పక్కన నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆ ఎరుపు జింకకు ఎరుపుగా కనిపించి ఉంటే ఆ ఫొటోలు ఉండేవి కావు. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో తుపాకీ వేటగాళ్లు తప్పనిసరిగా వేసుకునే కళ్లు జిగేల్‌మనే నారింజరంగు కోటు వెనక ఉన్న లెక్కా ఇదే. పక్క పొదలో ఉన్న మరో మనిషికి అది అర కిలోమీటరు దూరం నుంచి తెలుస్తుంది, జింకకు మాత్రం ఆ రంగు పట్టదు. విస్కాన్సిన్ 2016లో జిగేల్‌మనే గులాబీరంగుకు కూడా చట్టబద్ధత ఇచ్చింది.

పులి ఎందుకు నారింజరంగులో ఉంటుందో మీకు తెలుసా? పచ్చని అడవిలో పొంచి ఉండాల్సిన జంతువుకు అంత కొట్టొచ్చే రంగేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. 2019లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండు రకాల కోన్‌లతో చూసే కంటికి పులి ఎలా కనిపిస్తుందో కంప్యూటరులో లెక్కగట్టారు. పులి నారింజరంగు ఆ కంటికి పచ్చదనంలోనే కలిసిపోతుందని తేలింది. నల్లమలలో చుక్కల దుప్పికీ, కణితికీ పులి మనం చూసినంత ఎర్రగా కనిపించదన్నమాట. పచ్చ బొచ్చును తయారుచేసుకోవడం పాలిచ్చే జంతువులకు చేతకాని పని. చేతనైన రంగుతోనే పులి పని గడిచిపోతోంది. ఈ సందర్భంలో ఒక మాట చెప్పేయాలి: మన దగ్గర ఈ విల్లు రంగుల చర్చ కాగితం మీదికే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని కొట్టడం నేరం. ఏ రంగు విల్లయినా, అసలు విల్లు లేకపోయినా.

రంగు అస్సలు పట్టదా అంటే, ఒక్క రంగు విషయంలో జింక మనకంటే చురుకు. అది నీలం. మనిషి కంటి కటకంలో పసుపు ఛాయ ఉంటుంది, అది అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. జింక కంట్లో ఆ జల్లెడ అంత గట్టిగా లేదు. పైగా జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుతుండగా, పొద్దుగుంకే వేళ. ఆ సమయంలో ఆకాశం నుంచి దిగే వెలుతురులో నీలం పాలు ఎక్కువ. అందుకే విల్లుకు నీలం తగదని అనుభవజ్ఞులు చెప్పే మాటకు సైన్సు తోడుంది.

నీలం విల్లు కొనేవాళ్లు ఎందరుంటారు లెండి. కానీ నీలం రంగు వేటగాడి చొక్కా మీదికి వచ్చి చేరే దారి మరొకటుంది. బట్టలుతికే పౌడర్లలో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, నీలం వెలుగుగా తిప్పి పంపుతాయి. మనకు చొక్కా 'మల్లెపువ్వులా' కనిపించేది అందువల్లే. ఆ నీలం సరిగ్గా జింక కంటికి బాగా తెలిసే చోటికి దగ్గర్లో పడుతుంది. ఆకుల బొమ్మలున్న ఖరీదైన వేట చొక్కా కొని, దాన్ని అలాంటి పౌడరుతో ఉతికినవాడు పొద్దున్నే అడవిలో కాస్త వెలుగుతూ కూర్చుంటాడు. విల్లు మీద చుట్టే గుడ్డ తొడుగుకూ ఇదే వర్తిస్తుంది.

తెలుపు సంగతి ఇంకా తమాషా. తెల్లతోక జింక ప్రమాదం పసిగడితే తోక నిటారుగా ఎత్తి, కింది తెల్లని భాగాన్ని జెండాలా ఊపుతూ పరుగెడుతుంది. ఆ జాతికి తెల్లటి కదలిక అంటే 'ఆపద' అనే కబురు. విలుకాళ్లేమో బాణం ఎటు పోయిందో తెలియాలని తోక ఈకలకు తెలుపు, పసుపు కోరుకుంటారు. అంబులపొదిలో ఆరేడు బాణాలుంటే, గురిచూసేవాడి భుజం పక్కనో విల్లు పక్కనో ఓ తెల్లటి గుత్తి ఊగుతుంటుంది. తెలివైనవాళ్లు ఈకల మీద చిన్న ముసుగు కప్పుతారు. విల్లు రంగు గురించి గంటలు వాదించి, ఈ తెల్ల ఈకల గుత్తిని మరచిపోయేవాళ్లే ఎక్కువ అనిపిస్తుంది నాకు.

ఇక అసలు దోషి దగ్గరికి వద్దాం. మెరుపు.

జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 300 డిగ్రీల మేర చూడగలదు. కంటిపాప అడ్డంగా చీలినట్టుంటుంది, నేల వెంబడి ఏది కదిలినా పట్టడానికి అనువుగా. సన్నని వివరాలు మనకు తెలిసినంత స్పష్టంగా దానికి తెలియవు. అయితే రెటీనా వెనక అద్దంలాంటి పొర ఒకటుంది, వచ్చిన వెలుతురును తిప్పి మరోసారి వాడుకోనిస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఊరి చివర కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇది బాగా తెలుసు. రాత్రి కారు మలుపు తిరిగితే పెరటి గడ్డిలో నాలుగైదు జతల కళ్లు ధగధగలాడతాయి. ఆ ధగధగ ఈ పొరదే. ఇలాంటి కంటికి కదలని ఎర్ర విల్లు కొమ్మల్లో కొమ్మ. కదిలి, ఆ కదలికలో తళుక్కుమన్న విల్లు ఏ రంగుదైనా పట్టుబడినట్టే.

పాతకాలపు విల్లుకు ఈ చిక్కు మరీ ఎక్కువ. కారణం దాని పనితీరులోనే ఉంది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ కప్పీల విల్లుకు 1966లో దరఖాస్తు పెట్టి 1969లో పేటెంటు పొందాడు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చేతిలో చూస్తుంటామే, ఆ కాంపౌండ్ విల్లు. దాన్ని పూర్తిగా లాగాక కప్పీలు తిరిగి బరువు తగ్గిపోతుంది. 60 పౌండ్ల విల్లయినా, చివర్లో వేళ్ల మీద పన్నెండు, పదిహేను పౌండ్లే ఉండొచ్చు. అందువల్ల జింక చెట్టు చాటున ఉండగానే నారి లాగి, అది బయటికొచ్చేదాకా కదలకుండా పట్టుకునే వీలుంది. కొయ్య విల్లుకు ఆ సుఖం లేదు. లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. 45, 50 పౌండ్లు, అంటే ఇరవై కిలోల పైన, పూర్తిగా లాగి పట్టుకుంటే కొద్ది క్షణాల్లో చెయ్యి వణుకుతుంది. కాబట్టి జింక ఎదురుగా, అదీ పదిహేను ఇరవై గజాల దూరంలో ఉన్నప్పుడే లాగాలి, లాగిన వెంటనే వదలాలి.

దీనికి తోడు పొడవు. లాంగ్‌బో అంటే 66, 68 అంగుళాలు, మనిషంత ఎత్తు. నారి లాగినప్పుడు పైబద్ద, కిందిబద్ద రెండూ వెనక్కి వంగుతాయి. వంగేటప్పుడు వాటి మీద ఎండ పడే కోణం మారిపోతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రెడ్ బేర్ లాంటి తయారీదారులు బద్దలకు ఫైబర్‌గ్లాస్ అతికించడం మొదలుపెట్టారు. విల్లు గట్టిపడింది, మన్నిక పెరిగింది, ఆ పైన వేసిన నున్నటి పాలిషు అద్దమంత మెరిసింది. దుకాణంలో కొనేవాడి మనసు దోచేది ఆ మెరుపే, సరిగ్గా వదిలే క్షణంలో జింక కంట్లో పడేదీ అదే. నారింజరంగైనా మెరుపు లేని విల్లు, ఆకుపచ్చదైనా నిగనిగలాడే విల్లు, రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను కళ్లు మూసుకుని మొదటిదే తీసుకుంటాను.

విల్లులో జింక వైపు ఉండే ముఖం ఏది? విలుకాడు రోజూ చూసేది కడుపు వైపు. జింకకు కనిపించేది వీపు వైపు. యూ చెట్టు కలపతో చేసే విల్లులో ఎర్రటి చేవ కడుపు వైపూ, పాలిపోయిన తెల్లటి పైచెక్క వీపు వైపూ వచ్చేలా చెక్కుతారు. సాగే గుణం పైచెక్కది, ఒత్తిడికి ఓర్చే గుణం చేవది, అందుకే ఆ అమరిక. అంటే యజమాని మురిసిపోయే ఎరుపు ఎదుటి జంతువుకు కనిపించనే కనిపించదు. కనిపించేది తెల్ల చారే. అమెరికా విలుకాళ్లు శాక్స్‌టన్ పోప్, ఆర్థర్ యంగ్ 1920లో ఎల్లోస్టోన్‌లో మ్యూజియం కోసం గ్రిజ్లీ ఎలుగుబంట్లను కొట్టింది యూ విల్లులతోనే.

ఓసేజ్ ఆరెంజ్ అనే మరో చెట్టుంది, టెక్సస్, ఓక్లహోమా ప్రాంతాలది. కొత్తగా చెక్కినప్పుడు పసుపు కొమ్ములా పచ్చగా ఉంటుంది. ఎండ తగిలేకొద్దీ దానంతటదే ముదురు గోధుమరంగుకు మారుతుంది. తొందరున్నవాళ్లు అమ్మోనియా ఆవిరి పట్టించి ముదురు చేస్తారు. ఇంకొందరు వీపు మీద రాటిల్‌స్నేక్ చర్మం అతికిస్తారు. చెక్క పీచు లేవకుండా కాస్త కాపుగా ఉంటుంది, మెరుపు చస్తుంది, మచ్చల వల్ల పొడుగాటి బద్ద ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే సన్నని ఉక్కుపీచుతో వార్నిష్ మీద మెల్లగా రుద్దితే చాలు, నిగనిగ పోయి మసకబారుతుంది. ఖర్చు దాదాపు శూన్యం. అయితే వేలకు వేలు పోసి చేయించుకున్న పాలిషును స్వహస్తాలతో గీయడానికి చాలామందికి చేతులు రావు. అలాంటివాళ్ల కోసమే గుడ్డ తొడుగులు అమ్ముతారు.

మెరుపు పోగొట్టినంత మాత్రాన పని అయిపోదు. కంటికన్నా ముందు జింకకు అందేది వాసన. కాలిఫోర్నియాలో యాహీ తెగలో చివరివాడుగా 1911లో బయటి లోకానికి వచ్చిన ఇషి, డాక్టర్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. వేటకు ముందురోజు చేపలు తినేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు. పొద్దున్నే వాగులో మునిగి, ఒంటికి సువాసన ఆకులు రుద్దుకుని, నోరు పుక్కిలించి బయల్దేరేవాడని పోప్ రాశాడు.

ఇంతదాకా చెప్పినదంతా జింకకే. అదే విల్లుతో అడవి టర్కీ కోడి వేటకు వెళ్తే లెక్కంతా తారుమారు. పక్షి కంట్లో కోన్‌లు నాలుగు రకాలు, మనకంటే ఒకటి ఎక్కువ. ఎరుపు, పసుపు, ఊదా అన్నీ దానికి తెలుస్తాయి. అది నిజంగా విల్లు రంగు చూసే జంతువు. కాబట్టి టర్కీ వేటకు వెళ్లేవాళ్లు విల్లును కప్పుకోవడమో, గుడ్డ గుడారంలో కూర్చోవడమో చేస్తారు.

అక్కడ మరో నియమం కూడా నేర్పుతారు: ఒంటి మీదగానీ సామాను మీదగానీ ఎరుపు, తెలుపు, నీలం ఉండకూడదు. మగ టర్కీ తల సరిగ్గా ఆ మూడు రంగుల్లో ఉంటుంది. పొదల సందున ఎర్రగానో నీలంగానో కదిలితే, అటువైపున్న మరో వేటగాడు దాన్ని కోడి తల అనుకుని కాల్చే ప్రమాదం ఉంది. కొట్టిన కోడిని కూడా ఊరికే భుజాన వేసుకుని నడవొద్దంటారు. నారింజరంగు సంచిలో చుట్టి తీసుకెళ్లాలి. ఆపాటికి ఆ రంగు చూసి బెదరడానికి ఆ కోడి ఎలాగూ బతికి ఉండదు.