మినుము ధర మొక్కజొన్నలో ఎంత?

మినుములు క్వింటాలుకు ఎంత పలికితే రైతుకు గిట్టుబాటు అవుతుంది? పెట్టుబడి పోను నాలుగు డబ్బులు మిగిలితే గిట్టినట్లేనని సాధారణంగా చెబుతుంటారు. కాని మినుము మీద నికరంగా డబ్బు చేతికి వచ్చే రైతు కూడా కృష్ణా డెల్టా మాగాణుల్లో మొక్కజొన్నకు మారడానికి కారణం ఈ జవాబులో దొరకదు.

సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదునున్న చేలో మినుములు చల్లడం డెల్టాలో పాత అలవాటు. దుక్కి లేదు, నీటి తడి లేదు. నేలలో మిగిలిన పదును మీద, మంచు మీద 75, 80 రోజుల్లో పంట వస్తుంది. అయితే పల్లాకు తెగులు పదేపదే దెబ్బ తీసింది. అదే కాలంలో వరి దుబ్బుల నడుమ, దుక్కి లేకుండానే మొక్కజొన్న విత్తే పద్ధతి వచ్చింది. 2000 తర్వాత గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇది బాగా వ్యాపించింది. కొనడానికి కోళ్ల దాణా మిల్లులు ఎలాగూ ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూద్దాము. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. పాఠకులు తమ ఊరి అంకెలు వేసుకోవచ్చు. ఎకరాకు 6 క్వింటాళ్ల మినుములు, క్వింటాలు రు. 7,000 చొప్పున రు. 42,000. ఖర్చు రు. 15,000 పోగా మిగులు రు. 27,000. అదే ఎకరంలో మొక్కజొన్న 32 క్వింటాళ్లు, క్వింటాలు రు. 2,000 చొప్పున రు. 64,000. దీనికి ఎరువు, తడి ఎక్కువ గనుక ఖర్చు రు. 30,000. మిగులు రు. 34,000.

మినుము వేసిన రైతు పుస్తకంలో రు. 27,000 లాభం కనబడుతుంది. కాని ఆ లాభం కోసం అతను వదులుకున్నది రు. 34,000. దీనినే అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు. ఒక పని చేయడం వల్ల చేయలేకపోయిన పనుల్లో అన్నిటికన్నా మంచిదాని ఫలితమే మొదటి పనికి అసలు ఖరీదు. జమాఖర్చు పుస్తకంలో ఈ పద్దు ఉండదు. డబ్బు చేతులు మారలేదు గనుక ఏ గుమాస్తా దీనిని రాయడు. రాసి ఉంటే ఈ రైతుకు ఎకరాకు రు. 7,000 నష్టం తేలేది. మొక్కజొన్నతో సమం కావాలంటే మినుము క్వింటాలుకు సుమారు రు. 8,170 పలకాలి.

ఇందులో మరో విశేషం ఉన్నది. మినుము ధర పైసా కదలకుండా, మొక్కజొన్న రు. 1,700కు పడిపోయిందనుకుందాము. అప్పుడు మొక్కజొన్న మీద మిగిలేది రు. 24,400 మాత్రమే. నిన్న నష్టమనిపించిన మినుమే ఈ రోజు మేలు. అందుచేత అపరాల ధర ఒక్కటే చూసి విత్తనం కొనే రైతు సగం లెక్కే చూస్తున్నట్లు. వర్తకుల సంగతీ ఇంతే. రు. 7,000కు కొన్న సరుకును ఆరు నెలలు నిల్వ చేస్తే నూటికి నెలకు రూపాయిన్నర వంతున వడ్డీయే రు. 630. సొంత సొమ్ము కదా, వడ్డీ ఎక్కడిది అనే మాట కమీషన్ దుకాణాల్లో తరచు వినబడుతుంది. సొంత సొమ్ముకు కూడా మరొక చోట వడ్డీ వచ్చేదే!

ఇక దిగుమతి సరుకు విషయం. మన మినుముల దిగుమతిలో సింహభాగం బర్మాది. రంగం అని మన పెద్దలు పిలిచిన రంగూన్ రేవులో ఎక్కిన సరుకు ఎక్కువగా చెన్నైలో దిగుతుంది. అక్కడి రైతు మనకన్నా నేర్పరి అనుకోనక్కర లేదు. ఐరావతి డెల్టాలోనూ వాన కాలపు వరి తర్వాత మిగిలిన పదును మీదనే మినుము పండిస్తారు. పని ఒకటే, అదను దాదాపు ఒకటే. అయినా అక్కడి సరుకు ఇక్కడ ఎందుకు చవక?

మళ్లీ ఊహాంకెలే తీసుకుందాము. ఖర్చులను కాసేపు పక్కన పెడదాము. మన ఎకరం 6 క్వింటాళ్ల మినుములైనా ఇస్తుంది, 32 క్వింటాళ్ల మొక్కజొన్నలైనా ఇస్తుంది. బర్మా ఎకరం 4 క్వింటాళ్ల మినుములు గాని, 12 క్వింటాళ్ల మొక్కజొన్నలు గాని ఇస్తుందనుకుందాము. రెండు పంటల్లోనూ మనదే పైచేయి. కాని మనకు ఒక క్వింటాలు మినుము కోసం 5 క్వింటాళ్ల పైచిలుకు మొక్కజొన్న వదులుకోవాలి. వారికి 3 క్వింటాళ్లు చాలు. మొక్కజొన్నలో లెక్కిస్తే మినుము చవకగా పండేది అక్కడే. క్వింటాలు మినుముకు 4 క్వింటాళ్ల మొక్కజొన్న వంతున మారకం జరిగితే ఇద్దరికీ లాభమే. 3 వదులుకున్న వారికి 4 వస్తాయి. 5కు పైగా వదులుకోవలసిన మనకు 4తో సరిపోతుంది.

దీనికి తులనాత్మక ప్రయోజనం అని పేరు. 1817లో డేవిడ్ రికార్డో ఇంగ్లండు, పోర్చుగల్ దేశాల బట్ట, ద్రాక్షసారాయి ఉదాహరణతో దీనిని చూపాడు. అతని లెక్కలో పోర్చుగల్‌కు బట్టకు 90 మంది, సారాయికి 80 మంది చాలు. ఇంగ్లండుకు 100 మంది, 120 మంది కావాలి. రెండింటిలోనూ పోర్చుగల్‌దే ఆధిక్యమైనా, సారాయి చేసి బట్ట కొనుక్కోవడమే దానికి లాభమని తేల్చాడు.

అయితే లాభం దేశానికి అన్న మాటలో అందరూ ఉండరు. సిద్ధాంతంలోని ఈ కొస మీద తగినంత చర్చ జరగడం లేదని చెప్పక తప్పదు. మొక్కజొన్నకు తడి కావాలి. కాలువ చివరి భూములకు, బోరు లేని కౌలు రైతుకు ఆ అవకాశం లేదు. వారి ముందు ఉన్నది మినుము, లేదా బీడు. వారి అవకాశ వ్యయం బర్మా రైతుతో సమానంగా స్వల్పమే. అంటే తులనాత్మక ప్రయోజనం ఊరికి ఊరికే కాదు, ఒకే ఊళ్లో గట్టుకూ గట్టుకూ మారుతుంది. పై భూముల వారు మొక్కజొన్నకు మారిపోగలరు. కింది వారు మారలేరు. బర్మా పంట, డెల్టా పంట దాదాపు ఒకే అదనులో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి గనుక, ధర దిగితే భారం పడేది వీరి మీదనే. కౌలు మాత్రం దిగదు.

ప్రభుత్వ విధానం కూడా ఒక దారిన సాగలేదు. 2017 ఆగస్టులో మినుముల దిగుమతికి పరిమాణం మీద పరిమితి పెట్టారు. 2021 మే 15న ఆ ఆంక్ష తీసివేశారు. అదే ఏడు జూన్‌లో, 2021-22 నుంచి ఐదేళ్ల పాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు తెచ్చుకునేందుకు బర్మాతో అవగాహన కుదిరింది. ఆ ఫిబ్రవరిలోనే అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. పప్పు మిల్లులకు, ఇడ్లీ పిండి రుబ్బుకునే గృహిణికి తలుపు తెరిచి ఉండడమే మేలు. విత్తనం చల్లే నాటికి మూసి ఉన్న తలుపు కోత నాటికి తెరుచుకుంటే రైతు వేసుకున్న లెక్క ఎందుకూ కొరగాదు. దిగుమతి ఉత్తర్వు ఏదైనా నవంబరులో, డెల్టాలో విత్తనాలు చల్లక ముందే వెలువడితే, కాలువ చివరి రైతు కనీసం కౌలు బేరమైనా ఆ ధర చూసి ఆడుకోగలడు.