కుక్క మనసును చదివే విద్య

కుక్కలతో కలిసి పనిచేసే వృత్తులు ఈనాడు చాలా ఉన్నాయి. పోలీసు జాగిలాన్ని నడిపించే కానిస్టేబులు, మందుపాతరలను వాసనతో పసిగట్టే కుక్కకు తోడుండే జవాను, పశువైద్యుడు, పెంపుడు కుక్కలకు నడవడి నేర్పే శిక్షకుడు, వీధికుక్కలను పట్టి వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి తిరిగి అదే వీధిలో వదిలిపెట్టే కార్యకర్త - వీరందరికీ రోజంతా కుక్కల మధ్యనే గడుస్తుంది. కుక్కలంటే ప్రేమ ఉంటే ఈ పనులకు చాలునని పలువురు అనుకుంటారు. ప్రేమ కావలసిందే. కాని కుక్క ఏమి తెలుపుతున్నదో గ్రహించలేనప్పుడు ఆ ప్రేమ కుక్కనూ కాపాడలేదు, మనిషినీ కాపాడలేదు.

తోక ఊపితే కుక్క సంతోషంగా ఉన్నదని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అది సగమే నిజం. ఒళ్లంతా వదులుగా ఉండి తోక అటూ ఇటూ విశాలంగా ఊగితే సంతోషమే. ఒళ్లు బిగుసుకొని, తోక నిటారుగా నిలిచి, దాని కొస మాత్రం గబగబ కదులుతుంటే అది ఉద్రేకం. నిద్ర రాకపోయినా ఆవులించడం, తిండి లేకపోయినా మూతి నాకుకోవడం, తల పక్కకు తిప్పుకొని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడడం బెదురుకు గుర్తులు. వీటిని ఎవరూ పట్టించుకోకపోతే కుక్క గుర్రుమంటుంది. ఆ గుర్రు ఒక హెచ్చరిక. గుర్రుమన్నందుకు దానిని కొట్టిన యజమాని హెచ్చరికను మాన్పించగలడు గాని భయాన్ని పోగొట్టలేడు. అటువంటి కుక్క తరువాత ఏ సూచనా లేకుండానే కరుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకొని ఈ వృత్తిలో ఎవరూ చేయి చాపరు. కాటు పడకముందే రేబిస్ టీకాలు కూడా వేయించుకొంటారు.

కుక్క నేర్చుకొనే తీరు గురించిన చదువు రష్యాలో ఇవాన్ పావ్లోవ్ పేరుతో మొదలవుతుంది. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. ఆ పనిలోనే ఆయన ఒక వింతను గమనించారు. తిండి నోట పడకముందే, తెచ్చే మనిషిని చూడగానే కుక్కలకు లాలాజలం ఊరేది. తిండికి ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే నోరూరేది. దీనిని నిబంధిత ప్రతిస్పందన అంటారు. పశువైద్యశాల గుమ్మం చూడగానే వణికే కుక్కలోనూ జరిగేది ఇదే. అక్కడ తిండికి బదులు సూది నొప్పి ఉన్నది. తెలిసిన శిక్షకుడు ఆ దారినే వెనక్కు నడుస్తాడు. కుక్క బెదరనంత దూరంలో దానిని నిలిపి, ఇష్టమైన ముక్క పెట్టి, రోజుకు కొన్ని అడుగుల చొప్పున గుమ్మానికి చేరువ చేస్తాడు. కొన్ని కుక్కలకు వారాలు పడుతుంది. తొందరపడి ఈడ్చుకుపోతే మొదటికే మోసం వస్తుంది.

అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి, 1965లో తమ గ్రంథాన్ని వెలువరించారు. పుట్టిన మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు ఉన్న కాలం కుక్కపిల్లకు ఎంతో కీలకమని వారు తేల్చారు. అప్పుడు మనుషులను చూడని పిల్ల తరువాత మనుషులకు అతి కష్టం మీద మచ్చిక అవుతుంది. సంతలో పిల్లను కొనేవారు దాని రంగు, చెవులు చూస్తారు. ఆ వారాలు అది ఎక్కడ గడిపిందని అడిగేవారు తక్కువ.

ఈ శాస్త్రంలో ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది. దాని కథ తెలుసుకోదగినది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను పరిశీలించి, అవి ఆధిపత్యం కోసం ఒకదానితో ఒకటి పోరాడతాయని రాశారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మీచ్ 1970లో రాసిన పుస్తకం ద్వారా ఈ భావం లోకమంతా పాకింది. కుక్క తోడేలు వంశానిది కనుక యజమాని దానిని లొంగదీసి నాయకుడు కావాలని శిక్షకులు చెప్పసాగారు. కుక్కను వెల్లకిలా పడవేసి నొక్కిపట్టడం, మెడపట్టీ బిగించి గుంజడం శిక్షణలో భాగమయ్యాయి. ఇందువల్ల ఎన్ని మంచి కుక్కలు పిరికివై, కరిచేవిగా మారాయో లెక్క లేదు.

అదే మీచ్ 1986 నుంచి కెనడాకు ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో వేసవికాలాలు గడిపి, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దగ్గరగా చూశారు. అక్కడ గుంపు అంటే ఒక కుటుంబం. తల్లి, తండ్రి, వాటి పిల్లలు. పిల్లలు తల్లిదండ్రుల వెంట నడుస్తాయి, అంతే. ఆయన 1999లో తన పాత అభిప్రాయాన్ని సరిదిద్దుతూ వ్యాసం ప్రకటించి, తన పుస్తకాన్నే మళ్లీ అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను కోరారు. అంతటి నిజాయితీ అరుదు. పైగా కుక్క మనిషి పంచన చేరి కనీసం 14,000 ఏళ్లు అయింది. దానిని తోడేలును చూసి అంచనా వేయడం కంటే కుక్కనే చూసి అర్థం చేసుకోవడం మేలు.

చూడడం కూడా తేలిక కాదు. ఇంట్లో తప్పుచేసిన కుక్క తల వంచుకొని "నేరస్థుడి ముఖం" పెడుతుందని యజమానులు అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీనిని పరీక్షించారు. తినవద్దన్న తినుబండారాన్ని తిన్న కుక్కా, తినని కుక్కా యజమాని మందలించినప్పుడే ఆ ముఖం పెట్టాయి. అంటే అది మన కోపానికి జవాబు. కలకత్తా సమీపంలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం మన వీధికుక్కల మీద చేసిన ప్రయోగాలలో, ఎవరూ నేర్పకపోయినా చాలా కుక్కలు మనిషి వేలు చూపిన గిన్నె వైపే వెళ్లాయి. బెదిరి దరికి రానివీ చాలానే ఉన్నాయి.

మనిషిని ఇంతగా చదవగల జంతువుతో పనిచేయడంలో ఒక చిక్కు ఉన్నది. 2011లో కాలిఫోర్నియాలో 18 జాగిలాలను, వాటిని నడిపేవారిని పరీక్షించారు. మత్తుమందుగాని, పేలుడు పదార్థంగాని ఎక్కడా పెట్టలేదు. కాని ఫలానా చోట ఉన్నదని నడిపేవారికి నమ్మకం కలిగించారు. ఏమీ లేని ఆ చోట్లలోనే ఎక్కువగా "జాగిలం పట్టింది" అన్న మాట వినవచ్చింది. దర్యాప్తులో ఇటువంటిది జరిగితే నిర్దోషి మీద అనుమానం పడుతుంది. అందుచేత జాగిలానికి శిక్షణ ఇవ్వడంతో పాటు మనిషికీ ఇవ్వవలసి ఉంటుంది.

మన దేశంలో ఇటువంటి శిక్షణకు గ్వాలియర్ సమీపాన టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి జాతీయ శునక శిక్షణ కేంద్రం 1970 నుంచి ఉన్నది. బెంగుళూరు దగ్గరి తరలులో కేంద్ర రిజర్వు పోలీసు దళానికి, మీరట్‌లో సైన్యానికి శునక శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. కర్ణాటకలోని ముధోళ్ వేటకుక్క పిల్లలను 2016లో మీరట్‌కు తీసుకొనిపోయి శిక్షణ ఇచ్చారు. ఈ కొలువులకు ముందు పోలీసు శాఖలోనో, దళంలోనో చేరి, తరువాత జాగిలాల విభాగానికి ఎంపిక కావాలి. వైద్యం వైపు వెళ్లదలచినవారికి ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, ఆపైన పశువైద్య పట్టా అవసరం. బీదరు, చెన్నై, తిరుపతి, హైదరాబాదులలో పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పెంపుడు కుక్కల శిక్షకుడి విషయం వేరు. మంచి శిక్షకుడి దగ్గర కొన్నేళ్లు సహాయకుడిగా ఉండి నేర్చుకోవడమే అక్కడ ఎక్కువమంది నడిచే దారి. ఆ శిక్షకుడి చేతిలో కర్ర ఉన్నదా, తినుబండారాల సంచి ఉన్నదా అని చూస్తే అతని పద్ధతి చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి పాఠానికి ఏ కళాశాలా అక్కరలేదు. వీధి చివర పడుకొన్న కుక్కను తగినంత దూరం నుంచి అరగంట చూసి, చూసినది ఒక నోటుపుస్తకంలో రాయాలి. "కోపంగా ఉన్నది" అని రాయకూడదు. "సైకిలు దగ్గరికి రాగానే చెవులు వెనక్కు వాలాయి, నోరు మూసింది, రెండు అడుగులు వెనక్కు వేసింది, సైకిలు మలుపు తిరిగాక ఒళ్లు దులుపుకొన్నది" అని రాయాలి.