కొలిచిన తరువాతే వేగం

కొత్త ప్రాసెసర్‌ను తలపెట్టిన ఇంజనీర్లు దానిని వెంటనే చిప్‌గా తయారుచేయరు. తయారైన చిప్‌లో దోషం బయటపడితే దానిని సరిదిద్దడానికి అపారమైన ధనమూ, నెలల కాలమూ వ్యయమవుతాయి. అందువల్ల పుట్టబోయే ప్రాసెసర్ ప్రవర్తనను ముందుగా ఒక ప్రోగ్రాము చేత అభినయింపజేస్తారు. ఆ ప్రోగ్రామే సిమ్యులేటర్. 1990లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన సింపుల్‌స్కేలార్, 2011లో వెలువడిన జెమ్5 ఇటువంటివే.

ఈ అభినయానికి మనం చెల్లించే మూల్యం కాలం. నేటి ప్రాసెసర్ సెకనుకు 300 కోట్ల ఆదేశాలను అమలు చేస్తుందనుకొందాం. దాని లోపలి ప్రతి కదలికనూ లెక్కించే సిమ్యులేటర్ సెకనుకు 2 లక్షల ఆదేశాలను మాత్రమే నడపగలదనుకొందాం. అప్పుడు నిజమైన చిప్‌పై ఒక సెకను పట్టే పనికి సిమ్యులేటర్‌పై 15,000 సెకన్లు, అంటే నాలుగు గంటలకు పైగా పడుతుంది. పది నిమిషాల పనికైతే 104 రోజులు! ఒక్క ఫలితానికి అంతకాలం వేచి ఉండవలసి వస్తే, ఎంత మంచి ఆలోచన అయినా పరీక్షకు నోచుకోకుండానే మిగిలిపోవచ్చు.

మరి దీని వేగాన్ని పెంచడం ఎలా? లోపం ఎక్కడుందో తమకు తెలుసునని ప్రోగ్రాము రాసినవారు అనుకొంటారు. ఆ ఊహ తరచుగా తప్పుతుంది. ప్రోగ్రాములో నాలుగు శాతం కూడా లేని భాగమే నడక కాలంలో సగానికి పైగా హరిస్తుందని 1971లో డొనాల్డ్ నూత్ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములను పరిశీలించి తెలిపాడు. ఆ చిన్న భాగాన్ని పట్టి ఇచ్చే పరీక్షయే ప్రొఫైలింగ్. 1982లో బర్క్‌లీలో రూపొందిన జీప్రాఫ్ అనే సాధనం, నడుస్తున్న ప్రోగ్రామును నియత వ్యవధులలో గమనించి, ఏ భాగంలో ఎంత కాలం గడిచిందో పట్టికగా చూపుతుంది. నూరు నిమిషాలలో ఐదు నిమిషాలు తీసుకొనే భాగాన్ని ఎంత మెరుగుపరచినా తొంభై ఐదు నిమిషాలు మిగిలే ఉంటాయి కదా!

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రోగ్రాములో ఒకే ఆదేశం కోట్లసార్లు పునరావృతం కావచ్చు. ప్రతిసారీ దాని అర్థాన్ని మొదటినుండి విప్పుకోవడంలోనే కాలం పోతున్నదని ప్రొఫైల్ చూపితే, ఒకసారి విప్పిన అర్థాన్ని దాచి మళ్ళీ వాడుకోవచ్చు. అయితే మార్పుకు ముందూ వెనుకా, అభినయించిన ప్రాసెసర్ తీసుకొన్న సైకిళ్ళ సంఖ్య ఒక్కటైనా మారకూడదు. మారితే వేగం పెరగలేదు, ప్రాసెసరే మారిపోయిందన్నమాట.

ఇంత చేసినా చాలనప్పుడు పని మొత్తాన్నీ నడపకుండా కొన్ని భాగాలనే నడుపుతారు. ఇది మన స్థాలీపులాక న్యాయమే; ఒక్క మెతుకు పట్టి చూసి కుండెడు అన్నం ఉడికినదని తెలుసుకోవడం. కాని ప్రోగ్రాము సమంగా ఉడికే కుండ కాదు. అది దశలు దశలుగా నడుస్తుంది. శాండియాగో పరిశోధకులు 2002లో సింపాయింట్ అనే పద్ధతిలో ఆ దశలను వర్గీకరించి, ఒక్కొక్క వర్గం నుండి ఒక్కొక్క ప్రతినిధిని ఎన్నుకొన్నారు.

ఇందులోనూ ఒక చిక్కు ఉన్నది. నడుమనుండి మొదలుపెడితే, అభినయంలోని క్యాష్ స్మృతి ఖాళీగా ఉంటుంది; కావలసిన సమాచారం అందులో దొరకక, మంచి ప్రాసెసర్ కూడా మందకొడిగా కనిపిస్తుంది. అందుచేత ఎన్నుకొన్న చోటుకు కొంత ముందునుండే, మిగిలిన లెక్కలను విడిచి క్యాష్‌ను మాత్రం నింపుకొంటూ వేగంగా వచ్చి, అక్కడినుండి కొలత ప్రారంభిస్తారు.