మెమరీ కార్డు లోపల ఒక కంప్యూటర్: అపోహలు – వాస్తవాలు

గేమ్ కన్సోల్ మెమరీ కార్డుకు సొంతంగా ప్రోగ్రామ్ రాయడమంటే దొంగచాటు పని అనో, మనకు అందని విద్య అనో చాలామంది అనుకుంటారు. నిజానికి జడ్చర్ల నుంచి పాలమూరుకో హైదరాబాద్‌కో బస్సెక్కి డిప్లొమా, బీటెక్ చదువుకొచ్చే ఎలక్ట్రానిక్స్ పిల్లలకు అందులో సగం పాఠం ముందే వచ్చు. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌తో పాటు తెచ్చిన విజువల్ మెమరీ యూనిట్, అంటే వీఎంయూ, ఇందుకు మంచి ఉదాహరణ. దాని చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటే చూద్దాం.

అపోహ 1: మెమరీ కార్డు అంటే ఆటల వివరాలు దాచుకునే డబ్బా మాత్రమే.

వాస్తవం: 1998 జులైలో జపాన్‌లో కన్సోల్ కంటే ముందే అమ్మకానికొచ్చిన వీఎంయూలో శాన్యో కంపెనీ 8 బిట్ ప్రాసెసర్ ఉంది. వెడల్పులో 48, ఎత్తులో 32 చుక్కలున్న నలుపు తెలుపు తెర, బటన్లు, చిన్న స్పీకర్, రెండు బటన్ సెల్స్, 128 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఉన్నాయి. కన్సోల్ నుంచి ఊడదీస్తే అదే చేతిలో ఇమిడే ఆట యంత్రం. మరుసటి ఏడాది జనవరిలో సోనీ జపాన్‌లో విడుదల చేసిన మెమరీ కార్డు పాకెట్‌స్టేషన్‌ అయితే 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్‌తోనే వచ్చింది.

అపోహ 2: హోమ్‌బ్రూ అంటే పైరసీ.

వాస్తవం: ఇంకొకరి ఆటను కాపీ కొట్టి పంచడం పైరసీ. మన బుర్రతో మనం రాసుకున్న ప్రోగ్రామ్‌ను మనం కొన్న కార్డులో నడిపించుకోవడం హోమ్‌బ్రూ. చట్టబద్ధంగా సంపాదించిన ప్రోగ్రామ్ పనితీరును గమనించి, పరీక్షించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడానికి మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 వీలు కల్పిస్తోంది. కార్డులో కంపెనీ పెట్టిన మూల ప్రోగ్రామ్ బయోస్‌నో, ఆటలనో ఊరందరికీ పంచడానికి మాత్రం ఆ సెక్షన్ వీలు కల్పించదు. ఈ తేడా పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

అపోహ 3: వీఎంయూకు ప్రోగ్రామ్ రాసే అసెంబ్లీ పాతబడిన, కొరుకుడుపడని భాష.

వాస్తవం: జేఎన్‌టీయూహెచ్ ఎలక్ట్రానిక్స్ కోర్సుల్లో 8086, 8051 ప్రాసెసర్ల పాఠాలున్నాయి. 8051లో ఇంటరప్ట్ చిరునామాలు 03 దగ్గర మొదలై ఎనిమిదేసి బైట్ల ఎడంతో సాగుతాయి. వీఎంయూలోనూ అంతే. అక్యుములేటర్, స్టాక్, టైమర్లు, పోర్టులు అన్నీ పరిచయమున్నవే. ఆజ్ఞల పేర్లు కొన్ని మారతాయి, ఆలోచించే పద్ధతి మారదు. స్వీడన్ ప్రోగ్రామర్ మార్కస్ కామ్‌స్టెడ్ట్ ఈ చిప్ వివరాలను శ్రమకోర్చి రాసిపెట్టి, అసెంబ్లర్‌ను, కార్డును కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌ను అందరికీ అందుబాటులో ఉంచారు.

అపోహ 4: ఎమ్యులేటర్‌లో నడిస్తే కార్డులోనూ నడిచినట్టే.

వాస్తవం: టెస్ట్ ప్రోగ్రామ్‌ల అవసరం పడేది సరిగ్గా ఇక్కడే. తెరలో ఒక్కో వరుసకు 48 చుక్కలు, అంటే 6 బైట్లు. రెండు వరుసలకు 12 బైట్లు అయ్యాక, తర్వాతి 4 బైట్లు తెర మీద ఎక్కడా కనబడవు. ఆ ఖాళీని దాటకుండా బొమ్మను వరసగా రాసుకుంటూ పోతే మూడో వరుసలో మొదటి 32 చుక్కలు మాయమవుతాయి, చివరి 16 చుక్కలు ఎడమ అంచుకు వచ్చి కూర్చుంటాయి. బటన్ల సంగతీ ఇలాంటిదే: నొక్కితే బిట్ 0, వదిలితే 1. ఇక వేగం. విడిగా ఆడేటప్పుడు కార్డు మామూలుగా చేతి గడియారాల్లో ఉండే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ మీద నడుస్తుంది. ఈ లెక్క ఎమ్యులేటర్ పట్టించుకోకపోతే కంప్యూటర్‌లో చకచకా కదిలిన బొమ్మ కార్డులో నత్తనడక నడుస్తుంది. అందుకే ఒక్కో టెస్ట్ ప్రోగ్రామ్ ఒక్క ప్రశ్నే అడగాలి. జవాబు ఏం రావాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఎమ్యులేటర్ ఒకటి చెప్పి కార్డు ఇంకొకటి చెబితే కార్డు మాటే నమ్మాలి.

అపోహ 5: ప్రోగ్రామ్ తప్పితే కార్డు కాలిపోతుంది.

వాస్తవం: బయోస్ ఉండేది ర్యామ్‌లో కాదు, రోమ్‌లో. మన ప్రోగ్రామ్ దాన్ని చెరపలేదు. కార్డు బిగుసుకుపోతే రీసెట్ చేసినా, సెల్స్ తీసి మళ్లీ వేసినా చాలు. నష్టం జరిగితే ఫ్లాష్‌లో దాచిన ఫైళ్లకే. ఫ్లాష్‌లోకి 128 బైట్ల చొప్పున రాస్తారు, చిరునామా తప్పితే పాత సేవ్‌లు చెడిపోతాయి. ఫ్లాష్‌కు రాతల పరిమితి కూడా ఉంటుంది. కాబట్టి పరీక్షలకు ఒక కార్డు వేరుగా పెట్టుకోవాలి, ఫ్లాష్ రాతను లూప్‌లో అస్సలు పెట్టకూడదు.

అపోహ 6: ఇరవై ఏళ్లు దాటిన వస్తువు, ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?

వాస్తవం: ఇవాళ్టి ఫోన్ చిప్‌ను ఒక్క మనిషి పూర్తిగా అర్థం చేసుకోవడం అసాధ్యం. వీఎంయూలో ఆటకు దొరికే మామూలు ర్యామ్ 256 బైట్లే. ఏ బైట్‌లో ఏముందో విద్యార్థి స్వయంగా చెప్పగలడు. పనిచేస్తుందనుకోవడానికీ, పనిచేస్తుందని రుజువు చేయడానికీ ఉన్న తేడా అలాంటి చోటే ఒంటబడుతుంది. ఎంబెడెడ్ రంగంలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ అలవాటు ఎంతో అవసరం. కార్డు దొరక్కపోయినా పాత ల్యాప్‌టాప్, ఎమ్యులేటర్‌తో మొదలుపెట్టవచ్చు. మన కాలేజీల అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: 8051 ల్యాబ్ అయిపోయాక దీన్ని మినీ ప్రాజెక్టుగా ఇవ్వండి. తెర మీద ఒక్క చుక్కను అనుకున్న చోట వెలిగించడంతో మొదలుపెట్టించండి.